పక్కనున్నవాళ్ళ లెక్క

ఒక ఇల్లు ఊహించుకుందాం. ఏలూరైనా సరే, ఖమ్మమైనా సరే. ఇంటాయనకు నలభై రెండేళ్ళు, టైల్స్ కొట్టు నడుపుతాడు. ఒక సాయంత్రం కొట్టు కట్టేసి బండి మీద వస్తుంటే వెనకనుంచి లారీ గుద్దింది. తలకు దెబ్బ. పదకొండు రోజులు ఐసీయూలో, నెల్లాళ్ళు వార్డులో ఉన్నాడు. ప్రాణం దక్కింది. లేచాడు, నడిచాడు, కొట్టు తెరిచాడు. ఆపై ఏడాదిలో ఆయనా భార్యా మూడు గదుల్లో కూర్చోవలసి వచ్చింది.

మొదటిది మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్. లారీ తరఫు బీమా కంపెనీ వకీలు లేచి, ఆస్పత్రి బిల్లు మీ మెడిక్లెయిమ్ వాళ్ళు కట్టేశారుగా, మళ్ళీ మా దగ్గర అడగడమేమిటన్నాడు. రెండోది బ్యాంకు. కొట్టు మీద తీసుకున్న అప్పు మూడు వాయిదాలు తప్పింది. మేనేజరు ఫైలు తిరగేసి, "షూరిటీ సంతకం మీదేనమ్మా, ఇంటి కాగితాలు కూడా మా దగ్గరే ఉన్నాయి" అన్నాడు. మూడోది మానసిక వైద్యుడి గది. "నాకేమైంది, బాగానే ఉన్నాను" అంటున్నాడు ఇంటాయన. డాక్టరు అంతా విని, పక్క కుర్చీ వైపు తిరిగి అడిగాడు: "మీరు పేషెంటుకు ఏమవుతారు? దెబ్బ తగలకముందు ఈయన ఎలా ఉండేవారు?"

మూడు గదుల్లోనూ కాగితాల మీద కనిపించే ఇంగ్లిషు మాట ఒకటే, కొలేటరల్. కోర్టులో అది పక్కనుంచి వచ్చిన డబ్బు. బ్యాంకులో పక్కన పెట్టించుకున్న ఆస్తి. ఆస్పత్రిలో పక్కవాళ్ళు చెప్పిన సమాచారం. లాటిన్‌లో దీని మూలానికి పక్క, పార్శ్వం అని అర్థం. బంధుత్వాల్లోనూ ఈ మాట ఉంది. తాత, తండ్రి, కొడుకు నిలువు వరుసైతే, ఆ వరుసకు పక్కన పాకిన కొమ్మలన్నీ కొలేటరల్ బంధువులే. మన దాయాదులు ఈ కోవలోకే వస్తారు. దాయాది అన్న మాట వినగానే తెలుగువాడికి చుట్టరికం కన్నా ముందు గెట్టు తగాదా గుర్తుకొస్తుంది. పక్కనున్నవాడు ఆదుకోనూవచ్చు, అడ్డం తిరగనూవచ్చు. ఆ అనుమానం మూడు గదుల్లోనూ ఉంది. దాన్ని ఒక్కో గది ఒక్కో విధంగా తీర్చుకుంది.

కోర్టు దారి వింతగా ఉంటుంది. అసలు పక్కకు చూడొద్దంటుంది. దీని పుట్టుక తెలియాలంటే అమెరికాలోని హ్యూరాన్ సరస్సు దాకా వెళ్ళాలి. మాంటిసెలో అనే ఆవిరి ఓడ, ఉప్పు మోసుకెళ్తున్న తెరచాప ఓడ ఒకటి ఢీకొన్నాయి. మునిగిన ఓడకు బీమా ఉంది. ఆ డబ్బు యజమానికి ముట్టింది కనుక ఇక మేమెందుకు ఇవ్వాలని మాంటిసెలో వాళ్ళ వాదన. 1854లో అమెరికా సుప్రీంకోర్టు దాన్ని తోసిపుచ్చింది. బీమా ఒప్పందం ఓడ యజమానికీ బీమా కంపెనీకీ మధ్య సంగతి, గుద్దినవాడికి అందులో ఏం పని అన్నది కోర్టు మాటల సారం. ఆ తర్వాత 1871లో వెర్మాంట్ రాష్ట్రంలో ఒకాయన రోడ్డు బాగాలేక గాయపడ్డాడు. రోడ్డు బాధ్యత ఊరిది. ఆయనకు ప్రమాద బీమా డబ్బు వచ్చింది కాబట్టి ఆ మేరకు తగ్గించమని ఊరు అడిగింది. కోర్టు ఒప్పుకోలేదు. ఆ బీమా ఊరికి సంబంధం లేని పక్క వ్యవహారమని చెబుతూ వాడిన మాటలోంచే కొలేటరల్ సోర్స్ అనే పేరు స్థిరపడింది. మూడేళ్ళకు, 1874లో, ఇంగ్లండులో రైలు ప్రమాదంలో గాయపడిన బ్రాడ్‌బర్న్ అనే ప్రయాణికుడి కేసులోనూ ఇదే తీర్పు. ఆయనకు బీమా కింద వచ్చింది 31 పౌండ్లు. రైల్వే కంపెనీ అది కోసుకుంటానంది. ప్రీమియం కట్టింది ఆయన, ముందుచూపు ఆయనది, దాని ఫలం మీకెలా వస్తుందని న్యాయమూర్తులు అడిగారు.

వినడానికి ఇంత సూటిగా ఉన్న సూత్రం మీద నూటయాభై ఏళ్ళుగా వాదన ఎందుకు తెగడం లేదు? పరిహారం అన్న మాటలోనే రెండు ఆశయాలు ముడిపడి ఉన్నాయి. ఒకటి, నష్టపోయినవాణ్ణి ఉన్నచోటికి తేవడం, అంతకుమించి పైసా ఇవ్వకపోవడం. రెండోది, తప్పు చేసినవాడి చేత దాని ధర కట్టించడం. బీమా డబ్బు కోసేస్తే మొదటిది నెగ్గుతుంది, రెండోది ఓడుతుంది. కోయకపోతే తిరగబడుతుంది. ఎటు తిరిగినా ఎవరో ఒకరి చేతిలో కొంత అదనం మిగులుతుంది. అది గుద్దినవాడి దగ్గరా, దెబ్బ తిన్నవాడి దగ్గరా అన్నదే అసలు తగవు. ఓడలు, సరుకులు, వాహనాల బీమాలో దీనికి మూడో దారి ఉంది. డబ్బు కట్టిన బీమా కంపెనీయే బాధితుడి స్థానంలోకి వచ్చి తప్పు చేసినవాణ్ణి అడుగుతుంది. సబ్రొగేషన్ అంటారు. అక్కడ ఎవరికీ రెండుసార్లు ముట్టదు. మనిషి ప్రాణానికి, దెబ్బకు చేసే బీమాలో ఈ దారి ఇంత తేలిగ్గా పనిచేయదు.

అమెరికాలో 1970ల మధ్య నుంచి గాలి మళ్ళింది. డాక్టర్ల మీద దావాలు పెరిగి, వాళ్ళు కట్టే బీమా ప్రీమియాలు కొండెక్కాయి. 1975లో కాలిఫోర్నియా చేసిన చట్టం వైద్య నిర్లక్ష్యం కేసుల్లో పక్క డబ్బు సంగతి జ్యూరీకి చెప్పనిచ్చింది. చాలా రాష్ట్రాలు ఏదో ఒక రూపంలో అదే దారి పట్టాయి. 2011లో అదే కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ముందుకు మరో చిక్కు వచ్చింది. ఆస్పత్రి వేసిన బిల్లు దాదాపు 1.9 లక్షల డాలర్లు. బీమా కంపెనీకి ఆస్పత్రితో ఉన్న ఒప్పందం వల్ల అందులో సుమారు 1.3 లక్షలు రద్దయ్యాయి. మరి బాధితురాలికి ఏ అంకె ఇవ్వాలి? కట్టిన మేరకే అంది కోర్టు. ఎవరూ కట్టని డబ్బు నష్టం ఎలా అవుతుందన్నది దాని తర్కం. క్యాష్‌లెస్ కార్డు పట్టుకుని కార్పొరేట్ ఆస్పత్రి కౌంటరు ముందు నిలబడ్డ మనవాళ్ళెవరికైనా ఈ రెండు అంకెల సంగతి అర్థమవుతుంది.

మన దేశంలో ఈ చర్చ ఎక్కువగా నడిచింది రోడ్డు ప్రమాదాల మీదే. మోటారు వాహనాల చట్టం న్యాయమైన పరిహారం ఇవ్వమంటుంది, ఏది న్యాయమో లెక్క కట్టే పని ట్రిబ్యునల్‌కు వదిలేస్తుంది. 1998లో రెబెల్లో కేసులో సుప్రీంకోర్టు ఒక గీత గీసింది. జీవిత బీమా, ప్రావిడెంట్ ఫండ్ మనిషి ఏ విధంగా పోయినా ఇంటికి వచ్చేవే. జ్వరంతో పోయినా వస్తాయి. ప్రమాదం తెచ్చిన లాభం కాదు కనుక వాటిని కోయకూడదు. 2002లో ఇంకో కేసు వచ్చింది. అమెరికాలో స్థిరపడిన డాక్టరు ఇక్కడ రోడ్డు ప్రమాదంలో చనిపోయాడు. అక్కడి సోషల్ సెక్యూరిటీ కింద కుటుంబానికి అందిన సొమ్మును కూడా మినహాయించకూడదంది కోర్టు. సెలవులకు సొంతూరు వచ్చే ప్రవాసుల ఇళ్ళలో దాచుకోదగ్గ తీర్పు ఇది. 2013లో కారుణ్య నియామకం సంగతి తేలింది. భర్త పోయాక భార్యకు ఇచ్చిన ఉద్యోగం జీతాన్ని పరిహారంలో తీసేయడం కుదరదన్నారు. ఆమె ఆ జీతానికి రోజూ పని చేస్తోంది కదా!

2016లో శశి శర్మ కేసులో మాత్రం కత్తెర పడింది. హర్యానా ప్రభుత్వానికి ఒక నిబంధన ఉంది. ఉద్యోగి చనిపోతే కొన్నేళ్ళ పాటు ఆయన జీతమే కుటుంబానికి నెలనెలా ఇస్తారు. జీతం పోయిందన్న నష్టానికే పరిహారం అడుగుతున్నప్పుడు, ఆ జీతమే వస్తుంటే ఆ మేరకు తగ్గించాలని ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. కుటుంబ పింఛను, జీవిత బీమా వంటివాటిని ముట్టుకోలేదు. రెండేళ్ళకే ఒక ఉద్యోగి కుటుంబ సహాయ పథకం కేసులో ఆ కోతను విస్తరించడానికి సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. 2025 మార్చిలో బొంబాయి హైకోర్టు పూర్తి ధర్మాసనం మెడిక్లెయిమ్ డబ్బునూ వైద్య ఖర్చుల పరిహారంలోంచి కోయరాదంది. మన టైల్స్ కొట్టాయన వకీలు పట్టుకోవలసిన కాగితం అదే.

ఈ తీర్పులన్నీ పక్కపక్కన పెట్టి చదివితే నాకు రెండు కొలబద్దలు కనిపిస్తాయి. గొడుగు ఎవరు కొన్నారన్నది ఒకటి. వాన ఎవరు కురిపించారన్నది రెండోది. బ్రాడ్‌బర్న్ నుంచి బొంబాయి దాకా న్యాయమూర్తులకు నచ్చింది మొదటిదే: ప్రీమియం కట్టినవాడి ముందుచూపు ఫలం అతనిదే. నా మటుకు అది చాలదనిపిస్తుంది. ఆరోగ్యశ్రీ కార్డు మీద వైద్యం చేయించుకున్న కూలీ ఏ ప్రీమియమూ కట్టలేదు. గొడుగు అతను కొన్నది కాదు. అంతమాత్రాన లారీ బీమా కంపెనీకి ఆ మేరకు మాఫీ చేస్తే, ప్రజల పన్నుల డబ్బు తిన్నగా గుద్దినవాడి ఖాతాలోకి వెళ్ళినట్టే. వాన కురిపించినవాడెవరో చూడకుండా గొడుగు రసీదు అడగడం ప్రీమియం కట్టగల ఇళ్ళకు పనికొచ్చే న్యాయం.

రెండో గదికి వద్దాం. బ్యాంకు కూడా పక్కకు చూస్తుంది, కాకపోతే ఇప్పుడు కాదు, తర్వాత. సిద్ధాంతం అదీ. మన బ్యాంకుల భాషలో అప్పు డబ్బుతో కొన్న సరుకు, యంత్రం ప్రైమరీ సెక్యూరిటీ. దానికి తోడుగా పెట్టించుకున్న ఇల్లు, స్థలం, షూరిటీ సంతకం కొలేటరల్. అసలు అప్పు తీరేది వ్యాపారంలోంచే, పక్కది కేవలం పడిపోతే పట్టుకోవడానికి. తెలుగులో దీనికి ఒక్క మాట లేదు. నగ కుదువ పెడతాం, ఇల్లు తనఖా పెడతాం, పత్రాలు తాకట్టు పెడతాం, మనిషికి జామీను ఉంటాం, మాటకు పూచీ పడతాం. వస్తువు చేతులు మారుతుందా, కాగితం మారుతుందా, పరువు మారుతుందా అన్నదాన్ని బట్టి మాట మారుతుంది. ఇంగ్లిషు మాట ఇవన్నీ ఒకే సంచిలో పోస్తుంది.

ఇంటి కాగితాలు బ్యాంకులో ఇచ్చి రావడాన్ని మనవాళ్ళు చిన్న పనిగా చూస్తారు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం దస్తావేజులు అప్పగించడమే తనఖా అవుతుంది. వాయిదాలు నిలిచి ఖాతా మొండి బకాయి అయితే 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు ఇచ్చి, కోర్టు గుమ్మం ఎక్కకుండానే బ్యాంకు ఆ ఇల్లు స్వాధీనం చేసుకోవచ్చు. వ్యవసాయ భూమికి మాత్రం ఆ చట్టం మినహాయింపు ఇచ్చింది. ఇక షూరిటీ సంగతి మరీ కఠినం. కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం హామీదారు బాధ్యత అప్పు తీసుకున్నవాడి బాధ్యతతో సమానం. ముందు అతన్ని అడిగి, అతని ఆస్తి అమ్మి, చాలకపోతేనే నా దగ్గరకు రండి అనే హక్కు హామీదారుకు లేదని 1968లోనే సుప్రీంకోర్టు తేల్చేసింది. సంతకం పెట్టించుకునేటప్పుడు "ఊరికే ఫార్మాలిటీ అండీ" అంటారు. ఆ ఫార్మాలిటీ చట్టం కంటికి అసలు అప్పే. పక్కన నిలబడమని పిలిచి ముందు వరుసలో నిలబెట్టడం ఇక్కడి రివాజు.

పక్కనున్నదాని మీద కన్ను పడితే అసలుది కనిపించదు. ఇంటి విలువ బాగుంటే వ్యాపారం నడుస్తుందా లేదా అని చూసే ఓపిక మేనేజరుకు ఉండదు. 2008లో అమెరికాలో జరిగిందీ ఇదే, కాకపోతే ఖండమంత కొలతలో. ఇళ్ళ ధరలు పెరుగుతూనే ఉంటాయన్న నమ్మకంతో, కట్టలేనివాళ్ళకు ఇచ్చిన అప్పులను మూటలు కట్టి అమ్మారు. ధరలు పడ్డాయి. ఏఐజీ అనే మహా బీమా కంపెనీని ఊపిరాడకుండా చేసింది ఇంకా తాకట్టు పెట్టు, ఇంకా పెట్టు అంటూ వచ్చిన పిలుపులే. ఆ సెప్టెంబరులో అమెరికా కేంద్ర బ్యాంకు 8,500 కోట్ల డాలర్ల అప్పుతో దాన్ని నిలబెట్టింది.

పక్కన పెట్టడానికి ఏమీ లేనివాళ్ళ మాటేమిటి? సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు 10 లక్షల దాకా కొలేటరల్ అడగకూడదని రిజర్వు బ్యాంకు 2010లో ఆదేశించింది. పంట రుణాల్లో ఆ పరిమితి 1.6 లక్షలుండేది, 2025 జనవరి 1 నుంచి 2 లక్షలు. అదే ఏడాది జూలైలో ఒక వివరణ కూడా ఇచ్చింది: ఈ పరిమితిలోపు రుణానికి రైతు తనంతట తాను బంగారం కుదువ పెడితే అది నిబంధన ఉల్లంఘన కాదని. బ్యాంకు కౌంటరు ముందు నిలబడ్డ రైతు తనంతట తాను అన్న మాట ఎంతవరకు తనదో, పల్లెల్లో బ్యాంకుకు వెళ్ళొచ్చిన వాళ్ళనే అడగాలి. కౌలు రైతుది ఇంకో కథ. దున్నేది అతను, పాసుపుస్తకం వేరే వాళ్ళది. ఉమ్మడి రాష్ట్రం 2011లో భూ అధీకృత సాగుదారుల చట్టం చేసింది. ఆంధ్రప్రదేశ్ 2019లో దాని చోట మరో చట్టం తెచ్చి, సాగు హక్కు కార్డుకు భూయజమాని సంతకం కావాలంది. మళ్ళీ పక్కవాడి సంతకమే!

ఆస్తి లేనిచోట మనుషులనే పూచీ పెట్టడం మన దగ్గర బాగా వేళ్ళూనుకున్న పద్ధతి. నాబార్డు 1992లో స్వయం సహాయక సంఘాలను బ్యాంకులతో కలిపింది. డ్వాక్రా గ్రూపులో ఒకరి వాయిదాకు తక్కినవాళ్ళు కాపు. ఇళ్ళలో డబ్బు తిరగడానికి, ఆడవాళ్ళు బ్యాంకు మెట్లెక్కడానికి అది చేసిన మేలు చిన్నది కాదు. అదే కిటుకును ప్రైవేటు మైక్రోఫైనాన్స్ కంపెనీలు అందుకున్నప్పుడు పొరుగింటావిడ చూపే తాకట్టు వస్తువైంది. వసూళ్ళ ఒత్తిడి, ఆత్మహత్యల ఆరోపణల నడుమ 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆర్డినెన్సు తెచ్చి ఆ వ్యాపారానికి పగ్గాలు వేసింది. ఇల్లు తాకట్టు పెడితే ఇల్లు పోతుంది. పొరుగును తాకట్టు పెడితే ఏది పోతుందో ఏ బ్యాలెన్స్ షీటులోనూ రాయరు.

మూడో గది దారి ఈ రెండింటికీ భిన్నం. వైద్యుడు పక్కకు ఇప్పుడే, ఇక్కడే చూస్తాడు. మన దేశంలో మానసిక వైద్యం నేర్చుకునే ప్రతి విద్యార్థీ కేసు షీటు మొదట్లోనే కొన్ని గళ్ళు నింపుతాడు. సమాచారం ఇచ్చినవారు ఎవరు, ఏమవుతారు, ఎంతకాలంగా కలిసి ఉంటున్నారు, చెప్పింది నమ్మదగినదా, సరిపడినంత ఉందా. ఈ గళ్ళు నాకు చాలా ఇష్టం. వ్యాధి పేరు రాయకముందే సాక్షి విలువ కట్టమంటున్నాయి. కోర్టులో క్రాస్ ఎగ్జామినేషన్ చేసే పని ఇక్కడ రెండు గళ్ళు చేస్తాయి.

పక్కవాళ్ళ మాట ఎందుకు కావాలంటే, కొన్ని జబ్బుల్లో జబ్బు ఉందని తెలుసుకునే శక్తినే జబ్బు మింగేస్తుంది. ఉన్మాదపు ఉధృతిలో ఉన్న మనిషి జీవితంలో ఇంత హాయిగా ఎప్పుడూ లేనంటాడు. వారం రోజులుగా ఆయన నిద్రపోలేదని తల్లి చెబుతుంది. మతిమరుపు వ్యాధి మొదలైన తాతయ్య తన జ్ఞాపకశక్తికి ఢోకా లేదంటాడు. వచ్చే దారి మరిచిపోయి గుడి దగ్గరే నిలబడ్డాడని మనవడు చెబుతాడు. 1989లో ఆస్ట్రేలియాలో ఆంథనీ జార్మ్, ఆయన సహపరిశోధకురాలు ఇందుకోసమే ఒక ప్రశ్నావళి తయారుచేశారు. అందులో 26 ప్రశ్నలు, ఒక్కటీ రోగిని అడగరు. పదేళ్ళ కిందటితో పోలిస్తే ఇప్పుడెలా ఉన్నారని దగ్గరివాళ్ళను అడుగుతారు. బడి ముఖం చూడని మామ్మకు గడియారం బొమ్మ గీయమనే పరీక్ష పెట్టి ఓడించడం కన్నా, ఆమె చిట్టీల లెక్క ఎప్పుడు తప్పడం మొదలైందో కోడలిని అడగడం మేలు కదా.

తలకు దెబ్బ తగిలినవాళ్ళ విషయంలో లోకమంతా చెప్పుకునే ఉదాహరణ ఫినియాస్ గేజ్. 1848 సెప్టెంబరు 13న అమెరికాలో రైలు మార్గం పనిలో ఒక ఇనుప గునపం పేలుడుకు ఎగిరి ఆయన తల గుండా దూసుకుపోయింది. బతికాడు. అది జరిగింది వెర్మాంట్‌లోనే, పక్క డబ్బుకు పేరు పెట్టిన కోర్టు ఉన్న రాష్ట్రంలోనే. యాదృచ్ఛికమే, కానీ చెప్పకుండా ఉండలేకపోయాను. మనిషి పూర్తిగా మారిపోయాడన్న కథ మనకెలా తెలిసింది? డాక్టర్ హార్లో 1868లో రాసిన వ్యాసం నుంచి. ఆయనకు చెప్పింది గేజ్ స్నేహితులు, పని ఇచ్చినవాళ్ళు, చివరి సంవత్సరాల సంగతులు తల్లి. అంతా పక్కవాళ్ళ మాటే. అయితే గేజ్ చిలీ దేశంలో ఏళ్ళ తరబడి గుర్రపు బళ్ళు తోలాడన్న సంగతి కూడా అదే వ్యాసంలో ఉంది. మారిపోయి చెడిపోయినవాడు ఆరు గుర్రాల బండిని కొండదారుల్లో నడపగలడా? స్నేహితులు చెప్పింది ఒక కాలపు నిజం కావచ్చు, ఉద్యోగం చెబుతున్నది మరో కాలపు నిజం. పక్క సమాచారమనేది ఎప్పుడూ ఒక్కటి కాదు. అవి ఒకదానితో ఒకటి తగవులాడతాయి.

ఆ తగవు ఎంత మామూలో లెక్కలున్నాయి. 1987లో థామస్ ఆకెన్‌బాక్ బృందం పిల్లల ప్రవర్తన మీద వచ్చిన 119 అధ్యయనాలను కలిపి చూసింది. తల్లి, తండ్రి వంటి ఒకే తరహావాళ్ళ మధ్య సగటు పొంతన 0.60. తల్లిదండ్రులు, టీచర్ల వంటి వేర్వేరు తరహావాళ్ళ మధ్య 0.28. పిల్లలు తమ గురించి చెప్పిందానికీ పెద్దలు చెప్పిందానికీ 0.22. వీళ్ళెవరూ అబద్ధం ఆడుతున్నారని కాదు. ఇంట్లో పిల్లాడు, బడిలో పిల్లాడు ఇద్దరు వేరు వేరు పిల్లలు. ఒక్కరి మాటే నమ్మి చీటీ రాసే డాక్టరు ఒక గదిలోని పిల్లాడికే మందిస్తున్నాడు.

పక్క గొంతు పెద్దదై రోగి గొంతు వినపడకుండా పోవడం మన దగ్గర కొత్త కాదు. 1987 నాటి మానసిక ఆరోగ్య చట్టంలో బంధువో స్నేహితుడో దరఖాస్తు పెడితే, ఇద్దరు డాక్టర్ల సర్టిఫికెట్లతో మనిషిని 90 రోజుల దాకా చేర్చుకునే వీలుండేది. 2018 మే నుంచి అమలైన 2017 చట్టం దాన్ని 30 రోజులకు కుదించింది. దరఖాస్తు పెట్టేది రోగి ముందే ఎంచుకోగల నామినేటెడ్ ప్రతినిధి కావాలంది. ఆడవారిని, మైనర్లను చేర్చుకుంటే మూడు రోజుల్లో, ఇతరులనైతే ఏడు రోజుల్లో సమీక్షా బోర్డుకు తెలపాలంది. ఆడవారికి గడువు తక్కువ పెట్టడం వెనక ఎన్ని ఇళ్ళ కథలున్నాయో ఊహించుకోవచ్చు.

ఆ కథల్లో ఒకటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచే సుప్రీంకోర్టుకు వెళ్ళింది. భార్యకు స్కిజోఫ్రెనియా, విడాకులివ్వండని భర్త వాదన. 2013లో కోర్టు నిరాకరించింది. ఆమె ఎంబీబీఎస్ పూర్తి చేసింది, ఆపై పీజీ డిప్లొమా చేసింది, ప్రభుత్వ వైద్యాధికారిగా పని చేస్తూనే ఉంది. అంత తీవ్రమైన జబ్బే అయితే ఇవన్నీ ఎలా కుదిరాయన్నది కోర్టు ప్రశ్న. గేజ్ గుర్రాలు, ఈమె ఉద్యోగం ఒకే పని చేశాయి. మనిషి పక్కనుండి చెప్పిన మాటకు, మనిషి పక్కన పేరుకున్న జీవితం జవాబు చెప్పింది.

రహస్యం సంగతి కూడా చాలామంది తప్పుగా అనుకుంటారు. రోగి చెప్పింది బయటపెట్టకూడదన్నది నిజమే, 2017 చట్టం 23వ సెక్షన్ ఆ కట్టుబాటు విధించింది. అయితే వినడానికి అడ్డు లేదు. రోగి అనుమతి ఇవ్వలేదంటూ ఫోన్ చేసిన తల్లిని మాట్లాడనివ్వని ఆస్పత్రి జాగ్రత్త పడుతున్నాననుకుంటుంది, నిజానికి చెవులు మూసుకుంటోంది. దీనికి రెండో వైపు మరింత చిక్కు. 25వ సెక్షన్ ప్రకారం రోగికి తన రికార్డులు చూసే హక్కు ఉంది. రోగికి తీవ్రమైన మానసిక హాని గానీ ఇతరులకు హాని గానీ కలుగుతుందంటేనే ఆ భాగాన్ని ఆపవచ్చు. భార్య చెవిలో చెప్పినట్టు చెప్పింది రేపు భర్త చేతిలో కాగితమై తేలవచ్చు.

ఇప్పుడు మన టైల్స్ కొట్టు ఇంటికి మళ్ళీ వెళ్దాం. మూడు గదుల్లోనూ ఆయన పక్కన కూర్చున్నది ఒకే మనిషి. ట్రిబ్యునల్‌లో ఆమె రెండో సాక్షి. దెబ్బ తర్వాత ఆయనకు లెక్కలు తప్పుతున్నాయని, కొనేవాళ్ళ మీద ఊరికే విరుచుకుపడుతున్నాడని, కొట్టు మునుపటిలా నడవదని చెప్పాలి. ఎంత గట్టిగా చెబితే పరిహారం అంత. బ్యాంకులో ఆమె షూరిటీ. ఆయన కోలుకున్నాడని, కొట్టు నడుస్తోందని, నాలుగు నెలలు ఆగితే వాయిదాలు కట్టేస్తామని చెప్పాలి. ఎంత నమ్మకంగా చెబితే ఇంటి మీద నోటీసు అంత ఆలస్యం. ట్రిబ్యునల్‌లో బీమా వకీలు ఆమెను నిలబెట్టి, పరిహారం కోసమే ఈ మార్పులన్నీ కల్పించి చెబుతున్నారంటూ సజెషన్ వేస్తాడు. అతని చేతిలో బ్యాంకుకు ఆమె రాసిన అర్జీ నకలు ఉంటే, ఆ సజెషన్‌కు బలం రావడానికి మరో సాక్షి అక్కర్లేదు.

ఆమె రెండు చోట్లా చెప్పింది అబద్ధం కాదు. ఉదయం కొట్టులో బాగానే ఉంటాడు. సాయంత్రం అలసిపోయాక ఎవరో మనిషిలా మారతాడు. ఏ పూట గురించి అడుగుతున్నారో ఏ గదిలోనూ ఎవరూ చెప్పలేదు.

డాక్టరు గదిలో ఆమె చాలాసేపు మాట్లాడింది. ఇంటాయనను బయట కూర్చోమన్నాక కొన్ని ఇంకా మెల్లగా చెప్పింది. డాక్టరు రాసుకున్నాడు. సంబంధం: భార్య. కలిసి ఉంటున్నది: పంతొమ్మిదేళ్ళు. నమ్మదగినదా అన్న గడిలో అవునని రాశాడు. సరిపడినంతా అన్న గడి దగ్గర పెన్ను ఆగింది. ఆమె ఆ కాగితం వైపే చూస్తూ అడిగింది:

"సార్, ఇది కోర్టువాళ్ళు అడిగితే ఇస్తారా? ఆయన అడిగితే?"